మూడో బోర్డు బిగించే ముందు: ప్రాజెక్టు డైరీ

బెంచి మీదున్నది 15.6 అంగుళాల లాప్‌టాప్. ఇంటెల్ 8వ తరం ఐ5-8250యూ, రెండు ర్యామ్ స్లాట్లు. కొన్నప్పుడు ఒక స్లాట్లో 4జీబీ డీడీఆర్4 మాత్రమే ఉంది. రెండో స్లాట్లో 8జీబీ వేశాక మదర్‌బోర్డు పోయింది. బోర్డు మార్చి నడిపించారు. మళ్లీ అదే 8జీబీ వేశాక ఆ బోర్డూ పోయింది. ఇప్పుడు మూడోది సీలు కవర్లో వచ్చింది. అది బిగించేలోపు మొదటి రెండూ ఎందుకు పోయాయో తేలాలి. తేలకుండా బిగిస్తే నాలుగోది కొనాల్సి వస్తుంది.

రాసుకోవడానికి వీలుగా మొదటి బోర్డు క, రెండోది ఖ, సీలు విప్పనిది గ.

1వ రోజు, ఉదయం

మీటర్ ముట్టుకోకముందే ఒక కాగితం మీద రెండు వరసలు గీశాం. క నుంచి ఖకి మారినప్పుడు ఏవి కొత్తగా వచ్చాయి, ఏవి పాతవే కొనసాగాయి? కొత్తది బోర్డు ఒక్కటే. పాతవి చార్జర్, బ్యాటరీ, స్క్రీన్ కేబుల్, కింది మూత, దాని మరలు, 4జీబీ ర్యామ్, 8జీబీ ర్యామ్. ఒకే చోట రెండు బోర్డులు చచ్చాయంటే బోర్డును అనుమానించడం దండగ. దోషి ఈ రెండో వరసలోనే ఉంటుంది.

చార్జర్ 65 వాట్లది. లోడు లేనప్పుడు 19.5 వోల్టులు, 3 ఆంపియర్ల లోడు మీద 19.3. శుభ్రం. స్క్రీన్ కేబుల్ హింజి దగ్గర ఎక్కడా నలగలేదు. మరలు రెండు పొడవులున్నాయి. పొట్టి మర పడాల్సిన రంధ్రంలో పొడుగుది బిగిస్తే బోర్డు లోపలి పొరల్ని చీల్చేస్తుంది, అందుకని రెండు బోర్డుల మీదా మర రంధ్రాల చుట్టూ లెన్స్‌తో చూశాం. గీత కూడా లేదు.

రెండు ర్యాముల స్పీడు తేడా గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఇక్కడే తేల్చేద్దాం. పాతది 2400, కొత్తది 2666. ఈ సీపీయూ పైకి వెళ్లేది 2400 వరకే, కొత్తదీ దానికే దిగి నడుస్తుంది. రెండూ 1.2 వోల్టులవే. స్పీడు, కంపెనీ కలవకపోతే డిస్‌ప్లే రాకపోవచ్చు, మధ్యలో హ్యాంగ్ కావచ్చు. బోర్డు కాలదు.

1వ రోజు, సాయంత్రం

యజమానిని అడిగిన ప్రశ్నల్లో ముఖ్యమైనది ఇది.

"ర్యామ్ వేసేటప్పుడు బ్యాటరీ కనెక్టర్ తీశారా సార్?"

"రెండోసారి తీశానండి, బాగా గుర్తుంది. మొదటిసారి షట్‌డౌన్ చేశాననే అనుకుంటున్నా."

'అనుకుంటున్నా' అన్నచోట ఆగాలి. ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ కేసులో పెట్టి వేరే మెషీన్‌కి తగిలించి, విండోస్ ఈవెంట్ లాగ్స్‌లో సిస్టమ్ ఫైల్ తెరిచాం. షట్‌డౌన్‌కు ఆదేశం అందితే 1074 నంబరు ఎంట్రీ పడుతుంది. క చచ్చిన సాయంత్రం అది లేదు. ఆ రోజు ఆఖరి ముఖ్యమైన ఎంట్రీ కెర్నల్-పవర్ 42, అంటే మెషీన్ నిద్రలోకి వెళ్లింది. కారణం దగ్గర 'బటన్ లేదా మూత' అని ఉంది. దాని తర్వాత నాలుగు రోజుల ఖాళీ. ఆపైన ఖ బోర్డు మీద మొదటిసారి లేచినప్పుడు పడిన 41, సరిగ్గా ఆపకుండా మళ్లీ లేచాననే ఫిర్యాదు.

అంటే మూత మూసి, మెషీన్ బోర్లా తిప్పి, నిద్రలో ఉండగానే ర్యామ్ దూర్చారు. లైటు కింది వైపుకి పోయింది కాబట్టి కనబడే అవకాశమే లేదు. ఫ్యాను తిరగదు, చప్పుడుండదు. నిద్రంటే ర్యామ్‌లో ఉన్నది చెరిగిపోకుండా కాపాడుతూ మిగతావన్నీ ఆపడం. సీపీయూ లైన్లన్నీ పడుకున్నా, సరిగ్గా ర్యామ్ స్లాట్లో మాత్రం 1.2, 2.5 వోల్టులు రెండూ నిలబడే ఉంటాయి.

ఖ చచ్చిన రోజు లాగ్‌లో మాత్రం 1074 ఉంది. రెండోసారి పద్ధతిగానే చేశారు, అయినా పోయింది. చిక్కంతా ఇక్కడే.

2వ రోజు

ముందు ఖ. బెంచి సప్లై 19 వోల్టులు, 1 ఆంపియర్ లిమిట్. ర్యామ్, బ్యాటరీ, ఎస్‌ఎస్‌డీ ఏవీ లేకుండా బోర్డు ఒక్కటే. స్టాండ్‌బై 0.02 ఆంపియర్లు. పవర్ బటన్ నొక్కితే 0.11కి లేచి, సెకను లోపే మళ్లీ 0.02. లైటు వెలిగి ఆరిపోతుంది. మెయిన్ లైన్‌లో షార్ట్ లేదు, 3.3, 5 వోల్టుల కాయిళ్లు బాగున్నాయి. స్విచాన్ వరసలో ఎవరో ఒకరు 'నేను రెడీ' అని చెప్పడం లేదు, అందుకే కంట్రోలర్ అన్నీ ఆపేస్తోంది.

ర్యామ్ కాయిల్ దగ్గర 1.2 రావడం లేదు. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. 1.2 లేదు కాబట్టి దాన్ని తయారుచేసే ఐసీని మార్చేస్తారు. ఆగి స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ పటం) చూస్తే, ఈ బోర్డులో ఆ ఐసీకి ఎనేబుల్, అంటే పని మొదలుపెట్టమనే సంకేతం, వచ్చేది 2.5 వోల్టుల రెగ్యులేటర్ పవర్‌గుడ్ కాలు ('నా వోల్టేజి సరిగా ఉంది' అని చెప్పేది) నుంచి. 2.5 రాకపోతే 1.2 ఐసీకి పిలుపే అందదు. తప్పు దానిది కాదు.

ఈ 2.5 లైన్ పేరు వీపీపీ. డీడీఆర్3 రోజుల్లో ఇది బోర్డు మీద ఉండేది కాదు. మెమరీ సెల్ తెరవడానికి మామూలు సప్లై కన్నా ఎక్కువ వోల్టేజి కావాలి, దాన్ని చిప్పే లోపల పంపు చేసుకునేది. డీడీఆర్4లో ఆ పని బయటికి వచ్చింది, బోర్డే 2.5 ఇవ్వాలి. పాత అలవాటుతో 1.2, 0.6 చూసి వదిలేసేవాళ్లకి ఈ లైన్ కంటికి ఆనదు. మామూలుగా తాగే కరెంటు తక్కువ కాబట్టి దానికి పెద్ద కాయిల్ కూడా ఉండదు. ఇందులో 3.3 నుంచి 2.5 చేసే ఎనిమిది కాళ్ల చిన్న ఎల్‌డీఓ (కాయిల్ లేకుండా వోల్టేజి దింపే రెగ్యులేటర్ ఐసీ) ఒకటి స్లాటు పక్కనే కూర్చుంది.

గ కవరు విప్పాం, కొలతల కోసమే. కరెంటు ఇవ్వలేదు. ర్యామ్ ఏదీ లేకుండా, ఒకే మీటర్‌తో, వీపీపీ ఔట్‌పుట్ కెపాసిటర్ నుంచి గ్రౌండ్‌కి:

గ: 5.6 కిలోఓమ్‌లు
ఖ: 38 ఓమ్‌లు
క: 0.9 ఓమ్‌లు

ఖలో ఎల్‌డీఓ ఇన్‌పుట్ దగ్గర 3.3 ఉంది, బటన్ నొక్కగానే ఎనేబుల్ కూడా వస్తోంది, ఔట్‌పుట్ సున్నా. ఎల్‌డీఓని పీకాక లైన్ 5.4 కిలోఓమ్‌లకి ఎక్కింది. అంటే లైన్ మంచిదే, ఐసీ లోపల పోయింది.

2వ రోజు, రాత్రి

క పరిస్థితి దయనీయం. అదే ఎల్‌డీఓ, అదే చోట. లెన్స్ కింద దాని వీపు మీద ఆవగింజలో సగం గుంట, అంచులు బూడిదరంగు. రెండు బోర్డుల్లోనూ ఒకే భాగం పోవడం యాదృచ్ఛికం కాదని అప్పుడే తేలిపోయింది.

క మీద ఇంతకుముందు ఇంకెవరో చేయి చేసుకున్నారు. సీపీయూ చుట్టూ ఎండిన ఫ్లక్స్ (టంకం పనిలో వాడే రసాయనం), ఒక మూల దాని కింది టంకం బంతులు నలిగి బయటికి పొంగాయి. ఎందుకు వేడి పెట్టారో ఊహించవచ్చు. ఈ యూ సిరీస్ సీపీయూల కోర్ కాయిల్ దగ్గర మీటర్ పెడితే మంచి బోర్డు మీద కూడా రెండు మూడు ఓమ్‌లే చూపిస్తుంది, బీప్ మోడ్‌లో కుయ్యిమంటుంది. బీప్ వచ్చిందని 'సీపీయూ షార్ట్' అనేయడం, ఆపైన హాట్ ఎయిర్ ఎక్కుపెట్టడం. కోర్ కాయిల్‌ని బీప్‌తో తేల్చకూడదు. ఓమ్‌లలో కొలిచి, అదే మోడల్ మంచి బోర్డుతో పోల్చాలి.

కలో కూడా ఎల్‌డీఓ తీశాం, లైన్ 5.5 కిలోఓమ్‌లు. పాపం, వచ్చిన రోగం ఆ చిన్న ఐసీదే, చంపింది మాత్రం వైద్యం. దీన్ని పార్టుల కోసం పక్కన పెట్టాం.

3వ రోజు: ర్యామ్

ఇక అనుమానితుడు. 8జీబీ, ఒకవైపే ఎనిమిది చిప్పులు. స్టిక్కర్‌తో సహా చూపుకి కొత్తదే.

డీడీఆర్4 లాప్‌టాప్ ర్యామ్‌కి 260 కాళ్లు. ఒకవైపు బేసి సంఖ్యలు, రెండోవైపు సరి. 1, 2 గ్రౌండ్. ఆ చివరన 255 ఎస్‌పీడీ (ర్యామ్ వివరాలు దాచుకునే చిన్న చిప్) సప్లై, 257, 259 వీపీపీ, వెనక 258 వీటీటీ (0.6 వోల్టుల లైన్). మీటర్ ఒక మొన 1 మీద, రెండోది 259 మీద. మొనలకు బదులు సన్నటి సూదులు తగిలించుకోవాలి, లేకపోతే అర మిల్లీమీటరు దూరంలో ఉన్న పక్క కాలుకి తగులుతుంది.

పాత 4జీబీలో: అంకె ఎక్కుతూ పోయి కిలోఓమ్‌ల్లో ఆగింది. అలా ఎక్కడం కెపాసిటర్లు నిండడం వల్ల.
8జీబీలో: 1.6 ఓమ్‌లు. మీటర్ వైర్లవి 0.2 తీసేస్తే 1.4.

1.2 లైన్ కాళ్లు (111, 112) రెండిట్లోనూ దాదాపు సమానం, అక్కడ దెబ్బ లేదు.

బంగారు కాళ్లని మైక్రోస్కోప్ కింద పెట్టాం. పాతదాంట్లో కాలు మధ్యలో స్లాట్ గీరిన సన్నటి నిలువు గీత, ఒకటే, శుభ్రంగా. 8జీబీలో 257, 259 కాళ్ల మీద ఆ గీత మొదలయ్యే చోట నల్లటి చుక్క, చుట్టూ రాగిరంగు వలయం. బంగారు పూత ఎగిరిపోయి కింది లోహం కనబడుతోంది. నిప్పురవ్వ పడితేనే అలా అవుతుంది. క బోర్డు రెండో స్లాట్లో అదే స్థానంలోని స్ప్రింగులు కూడా నల్లబడి ఉన్నాయి. ఖ స్లాట్లో మచ్చ లేదు.

ఇప్పుడు కథ అతుకుతుంది. డీడీఆర్4 నియమం ప్రకారం వీపీపీ 1.2 కంటే ముందు గానీ, దానితోపాటు గానీ రావాలి. ఏ క్షణంలోనూ దానికంటే తక్కువ ఉండకూడదు. నిద్రలో ఉన్న బోర్డులోకి ర్యామ్ దూరుస్తుంటే ఏ కాలు ముందు తగులుతుందో మన చేతి వంపు నిర్ణయిస్తుంది. 1.2 ముందు తగిలి, 2.5 తర్వాత చేరితే చిప్ లోపల లాచప్ కావచ్చు, అంటే సప్లై నుంచి గ్రౌండ్‌కి అడ్డదారి తెరుచుకోవచ్చు. ఇక్కడ ఒక చిప్ అలా దెబ్బతింది, క ఎల్‌డీఓకి గుంట పడింది. కానీ చచ్చింది బోర్డు కాబట్టి అందరూ బోర్డునే చూశారు. గాయపడ్డ ర్యామ్ పైకి కొత్తగా మెరుస్తూ మళ్లీ డబ్బాలోకి వెళ్లింది.

దాన్ని ఖలో బ్యాటరీ తీసి, జాగ్రత్తగా, సరైన కోణంలో పెట్టారు. ఎంత జాగ్రత్తగా పెట్టినా పెట్టింది దెబ్బతిన్న ర్యామే కదా.

3వ రోజు, లెక్క

ఎల్‌డీఓకి షార్ట్ రక్షణ ఉంటుంది కదా, ఎందుకు కాపాడలేదు? దీనికి సమాధానం 1.4 ఓమ్‌లలో ఉంది.

2.5 వోల్టులు, 1.4 ఓమ్‌లు: 1.79 ఆంపియర్లు. ఈ ఎల్‌డీఓ 3 ఆంపియర్లది. దాని లెక్కలో ఇది షార్టే కాదు, మామూలు లోడు. పూర్తి షార్ట్ అయితే లిమిట్ తగిలి ఆగిపోయేది, బోర్డు బతికేది. ఇది వదిలేయదగినంత తక్కువా కాదు, రక్షణ అడ్డుకునేంత ఎక్కువా కాదు. 3.3 నుంచి 2.5కి దింపడంలో 0.8 వోల్టులు ఎల్‌డీఓ మీదే పడతాయి. 0.8ని 1.79తో గుణిస్తే 1.43 వాట్ల వేడి, గోరులో మూడోవంతు ఉన్న ముక్క మీద, కింద రాగి కూడా సరిపడా లేనిచోట. ర్యామ్ వైపు 4.5 వాట్లు ఒక్క చిప్‌లో.

యజమాని చెప్పినది దీనికి అతికినట్టు సరిపోతుంది. ఖలో 8జీబీ వేశాక ఫ్యాను తిరిగింది, డిస్‌ప్లే రాలేదు. ర్యామ్ మారితే మొదటిసారి ట్రైనింగ్‌కి (బోర్డు కొత్త ర్యామ్‌తో టైమింగ్ సర్దుకోవడానికి) టైం పడుతుందని ఎక్కడో చదివి, పది నిమిషాలు అలాగే వదిలారు. రాకపోతే మళ్లీ ఆన్ చేసి ఇంకో పది. మూడోసారి లైటే నిలబడలేదు. ట్రైనింగ్‌కి టైం పట్టడం నిజమే గానీ, ఇలాంటి మెషీన్లలో అది ఒకటి రెండు నిమిషాల సంగతి. ఆపైన చూస్తూ కూర్చుంటే ఏదో వండుతున్నట్టే.

రుజువు కోసం ర్యామ్ వీపీపీ కాళ్లకి బెంచి సప్లై నుంచి 1 ఆంపియర్ లిమిట్‌తో కరెంటు ఇచ్చి, చిప్పుల మీద ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పూశాం. ఎడమ నుంచి ఏడో చిప్ మీద రెండు సెకన్లలో తడి ఆరింది. మిగతా ఏడూ తడిగానే ఉన్నాయి. అడ్డదారి ఆ ఒక్క చిప్ లోపలే.

4వ రోజు: ఖ రిపేరు

కొత్త ఎల్‌డీఓ సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ సామాన్ల మార్కెట్) దొరికిన స్క్రాప్ బోర్డు నుంచి తీశాం. పైనున్న నంబరు ఒకటే అయితే చాలదు. కాళ్ల వరస, ఎనేబుల్ లెవెల్, రెండు రెసిస్టర్లతో కలిసి ఔట్‌పుట్‌ని నిర్ణయించే రిఫరెన్స్ వోల్టేజి కలవాలి. రిఫరెన్స్ తేడా ఉంటే 2.5కి బదులు 3 దాకా పోవచ్చు. డీడీఆర్4 చిప్పుల వీపీపీ గరిష్ఠ హద్దు 3.0, ఆ పొరపాటుతో మంచి ర్యామ్ కూడా పోతుంది.

స్లాటు ఎల్‌డీఓకి నాలుగు మిల్లీమీటర్ల దూరంలోనే ఉంది. ప్లాస్టిక్ వంగితే రిపేరు వృథా. స్లాటు మీద వేడిని తట్టుకునే క్యాప్టాన్ టేపు రెండు పొరలు, దాని మీద అల్యూమినియం టేపు ఒకటి. హాట్ ఎయిర్ 350 డిగ్రీలు, గాలి తక్కువ, సన్నటి నాజిల్, గాలి స్లాటుకి వ్యతిరేక దిశలో. ముందు బోర్డు మొత్తాన్ని కింద నుంచి 120 డిగ్రీలకి వేడెక్కించుకుంటే పైన 40 సెకన్లలో పని అయిపోతుంది. లేకపోతే కింది గ్రౌండ్ రాగి వేడంతా పీల్చేసుకుని, మనం ఓపిక పట్టలేక ఉష్ణోగ్రత పెంచేస్తాం.

ఐసీ కూర్చున్నాక, కరెంటుకి ముందు మళ్లీ ఓమ్‌లు: 5.3 కిలోఓమ్‌లు. ర్యామ్ లేకుండా పవర్: 2.49, 1.20, రెండూ నిలబడ్డాయి. కరెంటు 0.3కి ఎక్కి అక్కడే ఉంది. ఆ తర్వాతే పాత 4జీబీ మొదటి స్లాట్లో. 35 సెకన్లకి డిస్‌ప్లే.

అదే 4జీబీని ఆపి, తీసి, రెండో స్లాట్లో వేశాం. ఇది దాటేయకూడని మెట్టు. దెబ్బతిన్న ర్యామ్ కూర్చున్నది ఆ స్లాట్లోనే, సీపీయూలో ఆ చానెల్ బతికుందో లేదో ఇలాగే తెలుస్తుంది. డిస్‌ప్లే వచ్చింది.

5వ రోజు

వేరే 8జీబీ. ప్యాకెట్ విప్పగానే మీటర్: 1 నుంచి 259కి కిలోఓమ్‌లు, 1 నుంచి 111కి పాతదానికి దగ్గరగా. అరనిమిషం పని. కొత్త ర్యామ్ ఏదైనా ఈ రెండు కొలతలు చూడకుండా స్లాట్లోకి పోకూడదు, అరువు తెచ్చినదైతే మరీ.

వేసిన వరస ఇది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్, అలాగైతే ఫాస్ట్ స్టార్టప్ లేకుండా పూర్తిగా ఆగుతుంది. చార్జర్ పీకడం. మూత తీసి బ్యాటరీ కనెక్టర్ ప్లాస్టిక్ పుల్లతో వదులు చేయడం. ఈ మోడల్‌లో అది పైకి లేవదు, అడ్డంగా జరగాలి. పైకి లాగితే సాకెట్టే ఊడొస్తుంది. తర్వాత పవర్ బటన్ 20 సెకన్లు. ఆపైన నమ్మకం మీద కాకుండా మీటర్‌తో, వీపీపీ కెపాసిటర్ దగ్గర, 1.2 కాయిల్ దగ్గర సున్నా చూసుకోవడం. అప్పుడు ర్యామ్‌ని 30 డిగ్రీల వంపులో బంగారం కనబడనంత లోపలికి తోసి, కిందికి నొక్కడం. రెండు క్లిప్పులూ టక్కుమనాలి. ఒక్కటే అంటే ఒక పక్క పైకి ఉన్నట్టు.

12జీబీ కనబడింది. ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రాం మెమ్‌టెస్ట్86+ రాత్రంతా, తప్పులు సున్నా. పొద్దున ఎల్‌డీఓ వీపు 43 డిగ్రీలు, గది 31. ఒక బోర్డు మీద ఈ అంకె 70 దాటితే డిస్‌ప్లే బాగా వస్తున్నా ర్యామ్ తీసి వీపీపీ ఓమ్‌లు చూడాలి.

డీడీఆర్5కి ఈ డైరీ నేరుగా వర్తించదు. అక్కడ బోర్డు 5 వోల్టులు ఇస్తే మిగతాదంతా ర్యామ్ మీదున్న పీఎంఐసీ (పవర్ చూసుకునే ఐసీ) చేసుకుంటుంది, కొలవాల్సిన చోట్లు వేరు.

6వ రోజు

ఖ బోర్డే లాప్‌టాప్‌లో బిగించి ఇచ్చేశాం. గ మళ్లీ కవర్లోకి. క పార్టుల పెట్టెలోకి, సీపీయూ మీద ఎర్ర మార్కర్‌తో ఇంటూ గుర్తు.

8జీబీ ర్యామ్‌ని పెట్టెలో వేయలేదు. చూడటానికి ఇంకా కొత్తగానే ఉంది, ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు 'ఇదొకసారి వేసి చూద్దాం' అంటారు. 250వ కాలు దగ్గర కటింగ్ ప్లయర్‌తో మూల కత్తిరించి, ఈ-వేస్ట్ సంచిలో వేశాం.